సాయంత్రం బంక, తెల్లవారి రేకు

కిందటి నెలలో ఒకరోజు పొద్దున్నే మా గేటు ముందు ట్రాలీ ఆటో ఆగింది. అందులో దుప్పటి కప్పిన కుర్చీ ఒకటి, గోనెపట్టా చుట్టిన చిన్న బల్ల ఒకటి ఉన్నాయి. అవి దొర్లిపోకుండా రెండు చేతులతో రెండింటినీ పట్టుకుని, ముప్ఫై అయిదేళ్ల మనిషి మధ్యలో ఇరుక్కుని కూర్చుంది. దిగి, చెంగు సవరించుకుని, "శేషమ్మగారి మేనకోడలు మీరేనా అండీ?" అని అడిగింది. ముప్ఫై అయిదేళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని. తిరువూరులో నాకోసం ఎవరొచ్చినా టీచరుగారి ఇల్లేదని అడుగుతారు. శేషమ్మగారి మేనకోడలిగా నన్ను ఒకరు వెతుక్కుంటూ వచ్చి ఎన్నేళ్లయిందో లెక్క కూడా లేదు. ఆ ఒక్క మాటకే సగం లొంగిపోయాను.

ఆమె పేరు కరుణ. పెనుగొలను వైపు ఒక పల్లెలో చర్చి అయ్యగారి భార్య. చర్చిలో కొత్త గచ్చు వేస్తూ సామానంతా బయట పెట్టారట. వెలుతురులో చూస్తే అయ్యగారు కూర్చునే కుర్చీ మీదా, బైబిలు పెట్టుకునే బల్ల మీదా బంగారం అక్కడక్కడా లేచిపోయి ఉందట. కుర్రాళ్లు బంగారు రంగు డబ్బా తెచ్చి చిమ్మేద్దామన్నారు. "మా సంఘంలో ఒక ముసలమ్మ ఉందండి, ఆవిడ అడ్డం పడింది. ఇవి పిడికెడు బియ్యంతో చేయించినవి, వీటి మీద డబ్బా కొడితే నేను చర్చి గడప తొక్కనంది. తిరువూరులో శేషమ్మగారి మనుషులు ఉన్నారేమో కనుక్కోమంది" అని చెప్పింది కరుణ. నేను బంగారు రేకు ముట్టుకుని దాదాపు యాభై ఏళ్లు. నావల్ల కాదమ్మా అని పంపించెయ్యడమే న్యాయం. కానీ కాదనడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. "దింపించమ్మా, చూద్దాం" అన్నాను, రోజూ చేసే పనే అన్నట్టు.

దుప్పటి తీయగానే నాకు అవిసె నూనె వాసన వచ్చింది. నిజంగా రాలేదని తెలుసు. ఆ కుర్చీ చూస్తే నా ముక్కుకి రాక తప్పదు, అంతే. వీపు పలక మీద ద్రాక్షతీగ, రెండు పక్కలా గోధుమ కంకులు, చేతుల చివర గుండ్రంగా చుట్టుకున్న ఆకులు. చెక్కింది మా నాన్న. రేకు అంటించింది మా అత్త. ఆ రేకు అంటుకుని నిలబడటానికి కారణం నేను. ఈ చివరి సంగతి అత్తకి తెలియదని మొన్నమొన్నటిదాకా నమ్ముతూ వచ్చాను.

అప్పట్లో మా ఇల్లు మెయిన్ రోడ్డు మీదే ఉండేది. ముందు నాన్న వడ్రంగం షెడ్డు, వెనక మా వంటిల్లు, పడకగది, పెరట్లో బావి. ఇప్పుడు ఆ షెడ్డు ఉన్నచోట ఫ్లెక్సీలు వేసే షాపు ఉంది. పుట్టినరోజు పిల్లల మొహాలు, రాజకీయనాయకుల దండాలు పగలంతా ఆ మిషన్లోంచి దొర్లుతూ వస్తుంటాయి. నా చిన్నప్పుడు అక్కడ టేకు పొట్టు రాలేది. కొత్త టేకు కోసిన రోజు ఇంట్లో అన్నం కూడా అదే వాసన వేసేది. స్పిరిట్ పాలిష్ పట్టించిన రోజు అందరికీ తలనొప్పి. అమ్మ పొద్దున షెడ్డు ఊడ్చి ఆ పొట్టుని పొయ్యిలోకి వాడుకునేది. నాన్న బండి చక్రాలనుంచి బడి బెంచీల దాకా అన్నీ చేసేవాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. చెవి వెనక పెన్సిలు, నోట్లో రెండు మేకులు ఉంటే ఏం మాట్లాడతాడు?

మా మేనత్త శేషమ్మ నాన్నకి అక్క. బందరులో కాపురం. మామయ్య అక్కడ రేకు పనిలో పేరున్న మనిషి. పల్లకీలు, పందిరి మంచాలు, నిలువుటద్దాల చట్రాలు, పెద్ద ఇళ్లలో కుర్చీలు, అన్నిటికీ బంగారు రేకు అంటించేవాడు. పిల్లలు లేరు. పని ఇంటికి తెచ్చుకున్నప్పుడు అత్త పక్కన కూర్చుని ఊపిరి బిగబట్టి సాయం చేస్తూ చేస్తూ తనూ నేర్చేసుకుంది. మామయ్య పోయాక మరిది ఇంట్లో రెండేళ్లుంది. ఆ రెండేళ్లూ ఇరవై మందికి పప్పు రుబ్బడమే ఆమె పని. నాన్న వెళ్లి చూసి, మారు మాట్లాడకుండా పెట్టె ఎత్తి బస్సులో వేసి తీసుకొచ్చేశాడు. ఆ ట్రంకు పెట్టెలో రెండు చీరలు, ఒక తోలు దిండు, సన్నటి చాకు, ఉడత వెంట్రుకల కుంచెలు మూడు, మూత బిగించిన నూనె సీసా ఉన్నాయి. ఇంకా ఒక మాట కూడా ఆ పెట్టెలోనే వచ్చిందనుకోవాలి. సాయంత్రం బంక, తెల్లవారి రేకు. అది మామయ్య చెప్పిన పద్ధతి. దీపాలు పెట్టేవేళకి బంక పూయాలి, తెల్లవారాక రేకు వెయ్యాలి. అత్త ఆ మాట ఎత్తినప్పుడల్లా ఆయన పక్కగదిలో ఉన్నాడేమో అన్నట్టు గొంతు తగ్గించేది.

బంక అంటే అవిసె నూనెని గుగ్గిలం వేసి కాచిన జిగురు. ముందు చెక్క మీద సుద్ద పూత, దాని మీద జేగురు రంగు, ఆపైన ఈ బంక పలచగా. ఎక్కడ పూశామో కంటికి ఆనడానికి అత్త అందులో గోపీచందనం పొడి కలిపేది, పసుపుపచ్చగా ఉండేది. బంక ఆరీ ఆరని అదనులో రేకు వెయ్యాలి. తడిగా ఉంటే రేకు మునిగి నల్లబడుతుంది, ఎండిపోతే అసలు అంటదు. ఆ అదను తెలుసుకోవడానికి వేలి కణుపు ఆనించి లాగాలి. చిన్నగా కీచుమనాలి, వేలికి మాత్రం ఏమీ అంటకూడదు. "కళ్లతో చూసి మోసపోతాం సుగుణా, కణుపుకి మాత్రం అబద్ధం చెప్పడం రాదు" అనేది అత్త. స్కూలు ఫైనలు పూర్తిచేసి, టీచరు ట్రైనింగు సీటు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నాకు పద్దెనిమిదేళ్లు. నాకు రాని పని ఉంటుందని ఆ వయసులో నాకు అనుమానం కూడా రాలేదు.

రేకు వేసే రోజు మా ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. రేకు ఎంత పలచనంటే, పక్కన ఎవరైనా విసురుగా తిరిగితే లేచి గోడకి అంటుకునేది. అందుకని ఫ్యాను కట్టెయ్యాలి. కిటికీలకి నాన్న పాత పంచెలు కట్టాలి. చీపురు పట్టకూడదు. ఇంట్లో ఆ రోజు పోపు నిషేధం. ఎండుమిరపకాయ నూనెలో పడితే షెడ్డులో తుమ్ము ఖాయం, ఒక్క తుమ్ముకి నాలుగు రేకులు పోతాయి. పోపులేని పప్పు, పోపులేని మజ్జిగ, పచ్చి మామిడికాయ ముక్కలు ఉప్పుకారంతో. నాన్న కంచం ముందు కూర్చుని, "ఇవాళ ఎవరైనా పోయారా మనింట్లో?" అనేవాడు. అత్తకి ముక్కుపొడి అలవాటు. ఆ రోజు మాత్రం డబ్బా తీసి అమ్మ చేతికి అప్పజెప్పేది. "నేనడిగినా ఇవ్వొద్దే" అని ఒట్టు వేయించుకునేది. పదిగంటలకల్లా అడిగేది కూడా. అమ్మ ఇచ్చేది కాదు. "ఒట్టు వేయించుకున్నారుగా వదినా" అని చేతులు వెనక్కి పెట్టుకునేది. ఇక అత్త కాసేపు అమ్మతో మాటలు మానేసేది. ఎలాగూ ఆ రోజు ఎవరూ మాట్లాడకూడదు కాబట్టి ఆ కోపం ఎవరికీ తెలిసేది కాదు.

పని చేస్తుంటే అత్తని చూడాలి. కుంచెని తన చెంప మీద ఒకసారి రాసుకునేది. ఆ కొద్ది జిడ్డుకే రేకు కుంచెకి లేచి వచ్చేది. తోలు దిండు మీద పరిచి, చాకుతో కోసి, ఆ ముక్కని ద్రాక్షపండు మీదికి తీసుకెళ్లేటప్పుడు ఆమె ఊపిరి ఆగేది, పక్కన నా ఊపిరీ ఆగేది. రేకు కిందికి దిగి, ముడతపడి, దూది తగలగానే సర్దుకుని చెక్కలో కలిసిపోయేది. ఏ నగల దుకాణంలోనూ నాకు బంగారం అంత ముద్దుగా కనిపించలేదు.

ఆమె వచ్చింది వానల్లో. ఆ వానల్లో, తర్వాత చలికాలంలో చేసిన అద్దం చట్రాలు, దేవుడి పటాలు, ఒక పెద్ద రైతు ఇంట్లో ఉయ్యాల బల్ల, అన్నీ కుదిరాయి. సాయంత్రం బంక, తెల్లవారి రేకు. అత్త మొహంలో కళ వచ్చింది. షెడ్డుకి వచ్చేవాళ్లు నాన్నని దాటుకుని, "శేషమ్మగారు లేరా అండీ?" అని అడగడం మొదలుపెట్టారు. ఇరవై మందికి పప్పు రుబ్బిన మనిషిని అలా అడుగుతుంటే నాకు ఒళ్లు పులకరించేది. నాన్న పైకి విసుక్కునేవాడు గానీ, ఆ వచ్చినవాళ్లకి బెంచీ మాత్రం తనే తుడిచి వేసేవాడు.

ఎండలు ముదిరాక వచ్చింది ఈ కుర్చీ పని. తెచ్చింది ఆ పల్లెలో బడి పంతులమ్మ సువార్తమ్మగారు. కొత్త చర్చి ప్రతిష్ఠకి అయ్యగారి కుర్చీ, బైబిలు బల్ల కావాలన్నారు. వాళ్ల పల్లెలో దాదాపు అందరూ పొలం కూలీలు. ప్రతి ఇంట్లో ఆడవాళ్లు పూటపూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేస్తారట, ఆదివారం చర్చికి తీసుకెళ్తారట. రెండేళ్ల పిడికెళ్లు ఈ పనికి పెట్టుకున్నారు. "ద్రాక్షగుత్తులకీ కంకులకీ నిజం బంగారమే వెయ్యాలమ్మా, రంగొద్దు. మావాళ్ల ఆశ అది" అన్నారు సువార్తమ్మగారు. మా వీధిలో ఒకరిద్దరు ఆ పల్లె వాళ్ల పని మీరెందుకు పెట్టుకున్నారని సణిగారు. అత్త ఒప్పుకోలేదు. "రేకు కులం అడిగి అంటుకుంటుందా?" అంది. తీరా చూస్తే ఆ రేకు మొదటిసారి అసలు అంటుకోనే లేదు.

ఆ పొద్దు నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. అత్త పదకొండింటిదాకా రేకు వేసింది. పైపైన బాగానే కనిపించింది. చివర్న మెత్తటి కుంచెతో దులిపేసరికి బంగారం పొడిపొడిగా లేచిపోయింది. ద్రాక్షపళ్లు సగం బోడిగా మిగిలాయి. అత్త నూనె మంచిది కాదంది. చెక్క ఆరలేదంది. నేను గట్టిగా ఊపిరి వదిలానంది. ఎవరో పోపు వేశారంది. అమ్మ వంటింట్లోంచి పోపుగరిటె తెచ్చి, శుభ్రంగా ఉందని చూపించాల్సి వచ్చింది. ఖర్మకాలి ఆ మధ్యాహ్నమే సువార్తమ్మగారు పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చారు. బోడి ద్రాక్షల్ని చూశారు. ఒక్క మాట అనలేదు. కొంగుతో చెమట తుడుచుకుని, "మళ్లీ వస్తానండీ" అని వెళ్లిపోయారు. ఆ అనకపోవడానికే అత్త కుప్పకూలింది.

నాన్న నోట్లో మేకులు తీసేశాడు. "అక్కా, ఇక వదిలేద్దాం. పసుపు వార్నీషు కొట్టి ఇచ్చేస్తాను, వాళ్లకి సర్దిచెప్తాను" అన్నాడు.

"ఇంకొక్కసారి చూస్తాన్రా తమ్ముడూ" అంది అత్త. "మీ బావ చెప్పినట్టే చేస్తాను, అణువు తేడా లేకుండా. ఈసారీ అంటకపోతే నా చేతిలో పని లేదన్నమాట. బందరెళ్లిపోతాను. రుబ్బురోలు ఎక్కడికీ పోదుగా."

నేను ఆ మాటకి ఏడ్చాను. ఆ సంగతి దాచుకోవాల్సిన అవసరం నాకు లేదు. కానీ ఏడ్చి ఊరుకునే పిల్లని కాదు. ఒక చెక్కముక్క తీసుకుని, గంటగంటకీ ఒక గీత చొప్పున బంక పూసి, అత్త నేర్పినట్టే కణుపు ఆనించి చూశాను. సంగతి ఒక్కరోజులో తేలిపోయింది. మా తిరువూరు ఎండలకి గోడలు కూడా పొద్దుపోయేదాకా వేడి కక్కుతాయి. సాయంత్రం పూసిన బంక తెల్లారేసరికి గాజులా బిగుసుకుపోతోంది. బందరులో సముద్రపు గాలి, తేమ. అక్కడ పన్నెండు గంటలు ఆగే అదను ఇక్కడ అయిదు గంటలు కూడా ఆగదు. మామయ్య మాట అబద్ధం కాదు. అది బందరు మాట, అంతే.

చెక్కముక్క పట్టుకెళ్లి అత్తకి చూపించాను. "అత్తా, అక్కడి గాలి వేరు, ఇక్కడి గాలి వేరు. బంక పొద్దున్నే పూద్దాం" అన్నాను. ఆమె చెక్క వైపు కూడా చూడలేదు. "మీ మామయ్య కంటే నీకెక్కువ తెలుసా?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. "ఆయన పోతూ నాకు ఇచ్చింది ఈ ఒక్క మాటే సుగుణా. ఇది కూడా తప్పంటే ఇక నాకేం మిగిలింది?" అంది. నేను చెక్కముక్క వెనక్కి దాచేశాను. మాటతో అయ్యే పని కాదని తేలిపోయింది. ఇక చేత్తో చెయ్యాల్సిందే అనుకున్నాను.

రెండోసారికి అత్త మళ్లీ సుద్ద, జేగురు అన్నీ సరిచేసి సాయంత్రం బంక పూసింది. పొద్దున రేకు ముట్టుకునే ముందు ఆంజనేయస్వామి గుడికి వెళ్లి నూట ఎనిమిది ప్రదక్షిణలు చేస్తానని మొక్కుకుంది. "చర్చి కుర్చీకి ఆంజనేయుడి మొక్కా వదినా?" అని అమ్మ నవ్వింది. "కుర్చీ ఎవరిదైతే ఏంటే, చెయ్యి నాదేగా" అంది అత్త. ఆమె గడప దాటగానే నేను షెడ్డులోకి దూరాను. అత్త సీసా ముట్టుకుంటే తెలిసిపోతుంది. నాన్న వార్నీషు డబ్బాలోంచి కొంచెం తీసి, టర్పెంటైన్‌తో పలచన చేసి, గాజులా బిగిసిన ఆ పసుపు పూత మీద కుర్చీ అంతా తడిపాను. అది తొందరగా అదనుకి వచ్చే రకం. అత్త గుడినుంచి వచ్చేసరికి కణుపు కీచుమంది.

ఆ రోజు ద్రాక్షపళ్ల మీద రేకు ఒక్క చోట కూడా లేవలేదు. అత్త కుంచెతో దులిపింది, దూదితో రుద్దింది, గుడ్డతో తుడిచింది. బంగారం కదల్లేదు. అత్త ఏడుస్తూ నవ్వింది. "చూశావా, ఆయన మాట!" అంది. నేను, "అవునత్తా" అన్నాను. లోపల మాత్రం ఎగిరి గంతేసినంత గర్వం. ఊరంతటినీ పిలిచి చెప్పాలనిపించింది, ఎవరికీ చెప్పకూడదు. పద్దెనిమిదేళ్ల పిల్లకి అంతకంటే తియ్యటి చిత్రహింస ఉండదు.

తర్వాత పదిహేను రోజులకి బైబిలు బల్ల. రోహిణి కార్తె, రోడ్డు మీద తారు కరుగుతోంది. ఈసారి అత్తలో ఒక మార్పు వచ్చింది. సాయంత్రం బంక పూసేటప్పుడు మమ్మల్నెవర్నీ దగ్గరకి రానివ్వలేదు. "పొండి, నేనే పూసుకుంటాను. ఆయన్ని తలుచుకుని చేసే పని" అని తలుపు దగ్గరకి వేసుకుంది. పూసి, పైన పంచె కప్పి వచ్చింది. పొద్దున ఆమె బావి దగ్గరకి స్నానానికి వెళ్లగానే నేను యథాప్రకారం దూరి నా పని నేను చేశాను. నా అదృష్టం కొద్దీ ఆ మధ్య అత్త స్నానం, పూజ బాగా సాగడం మొదలైంది. రెండు చెంబులు పోసుకుని పరిగెత్తే మనిషి గంటన్నర తీసుకునేది. సహస్రనామం గట్టిగా చదివేది. వయసు మీద పడేకొద్దీ భక్తి పెరుగుతోందని అమ్మా నేనూ అనుకున్నాం. అదీగాక చేతులు పట్టు తప్పుతున్నాయో ఏమో, పెరట్లోంచి వచ్చేముందు బకెట్టుని బావి గట్టు మీద ధన్ ధన్‌మని కొట్టేది. ఆ చప్పుడు వినపడగానే నేను డబ్బా మూసి ఇటు తలుపులోంచి జారుకునేదాన్ని.

మూడు వేసవులు అలాగే గడిచాయి. ఎన్ని వస్తువులకి ఆ దొంగ పూత పూశానో. అత్తకి పేరొచ్చింది, మా నాన్నకి చేతినిండా పని వచ్చింది. నాకేమో ప్రపంచాన్ని మోసం చెయ్యడం ఇంత తేలికా అని ఆశ్చర్యం. చివరికి నాకు ట్రైనింగు సీటు వచ్చి విజయవాడ వెళ్లాల్సి వచ్చినప్పుడు నా దిగులంతా ఇంటి మీద కాదు, ఆ పూత మీద. అమ్మకి చెప్పేద్దామా అనుకున్నాను, నోరు రాలేదు. ఎండాకాలం సెలవులకి వచ్చి చూస్తే అత్త రేకు పని మానేసి ఉంది. "కళ్లు ఆనట్లేదమ్మా. ఇక నావల్ల కాదు" అంది. నాకు గుండెల మీంచి బరువు దిగింది, ఆ వెంటనే సిగ్గేసింది. మొదటి జీతం రాగానే కళ్లజోడు చేయించి తెచ్చాను. ఆమె దాన్ని ఎంతో అపురూపంగా చూసి, తుడిచి, ట్రంకు పెట్టెలో పెట్టేసింది. మా అబ్బాయి పుట్టినప్పుడు వాడికి బొంత కుట్టింది అత్తే. సూదిలో దారం తనే ఎక్కించుకుంది, సంధ్యవేళ, గుమ్మంలో కూర్చుని, ఒక్క గురికి. నేను చూస్తూనే ఉన్నాను. చూసి కూడా ఏమీ అనుకోలేదు.

ఇదంతా తలుచుకుంటూ, కరుణ తెచ్చిన కుర్చీని ముందు గీకడం మొదలుపెట్టాను. రేకు లేచిన చోట చాకు మొనతో పొర పొరా తీసి చూసుకుంటూ పోవాలి. బంగారం కింద నా పలచటి వార్నీషు. దాని కింద గట్టిగా, పచ్చగా, చిటపటమని విరిగే అత్త బంక. ఆ కింద జేగురు, సుద్ద, నాన్న టేకు. ఎవరు ఎక్కడున్నారో అందరూ అక్కడే ఉన్నారు. నాకు భలే ముచ్చటేసింది. కరుణకి పొరలన్నీ చూపించి, నా దొంగతనం కథ మొదటిసారి ఒక మనిషికి చెప్పాను. ఆ అమ్మాయి నవ్వీ నవ్వీ, "ఆవిడకి అసలు తెలియలేదాండీ?" అంది. "చచ్చినా తెలియలేదు" అన్నాను ధీమాగా.

తర్వాత బల్ల. బంగారం, వార్నీషు, పసుపు పూత. దుమ్ముగా ఉందని తడిగుడ్డతో తుడిచాను. గుడ్డకి పసుపు వచ్చింది. నేను ఆగిపోయాను. నూనె బంక నీళ్లకి రాదు. నూరేళ్లయినా రాదు. మళ్లీ తుడిచాను, మళ్లీ వచ్చింది. వేళ్ల మధ్య రుద్ది వాసన చూశాను. గోపీచందనం, కాస్త తుమ్మజిగురు, నీళ్లు. బంక లేదు. బల్ల మీద ఆ సాయంత్రం అత్త బంక పూయలేదు. ఉత్త గోపీచందనం నీళ్లు పూసి, పంచె కప్పి, తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

కుర్చీ దులిపిన రోజే ఆమెకి తెలిసిపోయిందన్నమాట. అంత పనితనం ఉన్న మనిషి కణుపు కింద రెండు పూతలున్న సంగతి తెలుసుకోలేదని నేను ఎలా నమ్మాను? బిగిసిపోయిన బంక మీద మళ్లీ పూత పడితే ఎప్పటికైనా పగుళ్లిస్తుంది. అందుకని తన పూత మానేసి నా పూతకి చోటిచ్చింది. నాకు వ్యవధి కావాలని సహస్రనామం చదివింది. నేను దొరికిపోకూడదని బకెట్టు మోగించింది. తెల్లారిన మసక వెలుతురులో పసుపు రంగు కనిపించింది కదాని నేను పైన పూసేసేదాన్ని, ఒక్కరోజు కూడా కణుపు ఆనించి చూడలేదు. ఆమె నాకు నేర్పిన మొదటి పని అదే. అంతా నాకు తెలుసన్న ధీమాలో ఉన్నాను.

కళ్లు ఆనకపోవడం కూడా అబద్ధమే. నేను లేకపోతే ఆ పొద్దుటి పూత తన చేత్తో తనే పూయాలి. ఆయన మాటని వేరొకరు దాటితే చూడనట్టు ఊరుకోగలదు గానీ, తన చేత్తో తను దాటలేదు. అందుకని పనే మానుకుంది. నేను కళ్లజోడు కొనిచ్చాను. చాకు పక్కన పెట్టి, ఆ బల్ల మీద తల ఆనించి చాలాసేపు ఏడ్చాను. కరుణ పాపం కంగారుపడి మంచినీళ్లు తెచ్చింది.

ఇవాళ ఫంక్షన్ హాళ్లలో పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే సింహాసనాలు చూస్తుంటాను. నిలువెల్లా బంగారు రంగు, అరగంటలో చిమ్మేసినది. వాటిని తిట్టిపొయ్యడానికి నాకు నోరు రాదు. వాటి కోసం ఎవరూ పోపులేని పప్పు తినలేదు, ఎవరూ ముక్కుపొడి మానలేదు, ఎవరూ ఎవరికోసం అబద్ధం చెప్పలేదు. చూడటానికి బాగానే ఉంటాయి. యాభై ఏళ్ల తర్వాత గీకితే మాత్రం వాటి కింద ఎవరూ కనిపించరు.

రేకుల కోసం విజయవాడ వన్‌టౌన్‌లో మూడు దుకాణాలు తిరిగాను. దొరికాయి. అత్త తోలు దిండు, చాకు నా దగ్గరే ఉన్నాయి. కుంచె కొత్తది కొన్నాను. సుద్ద, జేగురు పని అయ్యాక, రేపు రేకు అనగా ఆ సాయంత్రం కరుణ మళ్లీ వచ్చింది. నేను గిన్నెలో గోపీచందనం నీళ్లు కలిపి కుర్చీకీ బల్లకీ పలచగా పూస్తున్నాను.

"ఇదేనాండీ బంక?" అంది.

"కాదమ్మా, బంక పొద్దున. ఇది మా మామయ్యకి" అన్నాను.

ఏం అర్థమైందో ఏమో, పూత అయ్యేదాకా చేతులు కట్టుకుని పక్కన నిలబడింది. పైన మా ఆయన పాత పంచె కప్పి వచ్చేశాను. పొద్దున్నే లేచి స్నానం చేశాను. ఇప్పుడు బావి లేదు, బాత్‌రూమ్‌లో ప్లాస్టిక్ బకెట్టు. కుర్చీ, బల్ల ఉన్న గదిలో ఎవరూ లేరని నాకు తెలుసు. అయినా తలుపు తీసే ముందు ఒక్క క్షణం ఆగి, బకెట్టుని గచ్చు మీద రెండుసార్లు గట్టిగా కొట్టి, అప్పుడు లోపలికి వెళ్లాను.